కొలువు పెట్టెలో పాత బొమ్మలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

సంక్రాంతి కొలువు ఎత్తేసి బొమ్మల్ని మళ్ళీ పెట్టెల్లో సర్దే రోజులివి. తరాలుగా ఇంట్లో ఉన్న బొమ్మల గురించి పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా అత్తగారు పోయాక ఆవిడ బొమ్మల ట్రంకు పెట్టె నా చేతికొచ్చింది. వందకు పైనే ఉన్నాయి. కొన్ని ఆవిడ అత్తగారి కాలం నాటివట. అన్నీ పాత న్యూస్‌పేపర్లలో చుట్టి ఉన్నాయి. ఏది చెక్కో ఏది మట్టో కూడా తెలియడం లేదు. దుమ్ము తుడవాలంటే భయంగా ఉంది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ భయాన్ని అలాగే ఉంచుకోండమ్మా. పాత బొమ్మలు ఎక్కువగా పాడయ్యేది అటక మీద కాదు, కిందికి దించిన రోజున తడిగుడ్డతో తుడిచినప్పుడు. పాత మట్టి బొమ్మలకీ, కొండపల్లి బొమ్మలకీ రంగుల్ని జిగురు నీళ్ళలో కలిపి సుద్ద పూత మీద వేసేవారు. ఆ జిగురు తడి తగిలితే కరుగుతుంది. ఒక్కసారి గుడ్డ లాగితే కనుబొమ్మ గుడ్డకొచ్చేస్తుంది.

మబ్బు లేని పొడి రోజు చూసుకోండి. నేల మీద ఉతికిన తెల్ల దుప్పటి పరిచి, మూతికి మాస్కు పెట్టుకోండి. మాస్కు దుమ్ము కోసమే కాదు. పాత రంగుల్లో సఫేదా, సింధూరం ఉండేవి, రెండిట్లోనూ సీసం ఉంటుంది. పసుపు రంగుకు వాడిన హరిదళంలో ఆర్సెనిక్ ఉంటుంది. పని అయ్యేదాకా అక్కడ ఏమీ తినొద్దు, చేతులు కడుక్కున్నాకే మిగతా పనులు. పసిపిల్లల్ని ఆ గదిలోకి రానీయకండి. పాత బొమ్మను ఉప్పుకాగితంతో రుద్దడం ఎప్పుడూ చెయ్యకూడదు.

బొమ్మను మెడ దగ్గరో చేతి దగ్గరో పట్టుకుని ఎత్తకండి. ఒక చెయ్యి పీఠం కింద, ఒక చెయ్యి నడుముకు ఉండాలి. అటూ ఇటూ తిప్పి, అడుగు చూడండి. రంగు వెయ్యని ఆ అడుగే బొమ్మ దేనితో చేసిందో చెప్పేస్తుంది.

చేతికి ఆశ్చర్యంగా తేలిగ్గా ఉండి, అడుగున లేత రంగు మెత్తని చెక్క కనిపిస్తే అది పొణికి. అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాడిచెట్టు ఎక్కుతున్న మనిషి లాంటివైతే కొండపల్లివి అనుకోవచ్చు. నిర్మల్ బొమ్మలకూ పొణికే వాడతారు. గుండ్రంగా, నున్నగా, గాజులా మెరుస్తూ, తరిమెన (చెక్కను గుండ్రంగా తిప్పుతూ చెక్కే సాధనం) పట్టిన సన్నటి వలయాలు కనిపిస్తే లక్క పూసిన బొమ్మ. ఏటికొప్పాకవాళ్ళు అంకుడు చెక్క మీద చేస్తారు. మన ఇళ్ళలో లక్కపిడతలన్నీ ఈ జాతే. కాశీ యాత్ర నుంచి తెచ్చినవీ అలాగే ఉంటాయి. బరువుగా, ముదురు ఎరుపులో, రంగు పూత లేకుండా ఉన్న జంట ఉంటే మరపాచీ, అంటే రక్తచందనం. అది చాలా ఇళ్ళలో పెళ్ళికూతురి వెంట తిరుపతి నుంచి వచ్చిన జంటే. గోటితో తట్టితే డప్‌మని మూగగా పలికితే మట్టి, ఖంగుమంటే పింగాణీ. పింగ్‌పాంగ్ బంతిలా పల్చగా, బోలుగా ఉంటే సెల్యులాయిడ్. దాన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరు చేసేయండి. ఎందుకో కింద కాకినాడ పాఠకుడి ప్రశ్న దగ్గర చెప్పాం.

ఇక దుమ్ము. ముందు టార్చిలైటును బొమ్మకు పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి. లేచిన పెచ్చులు ఉంటే సన్నటి నీడలుగా కనిపిస్తాయి. అలా కనిపించిన బొమ్మ జోలికి అసలు పోవద్దు, కుంచె కూడా ఆనించొద్దు. మెత్తటి గుడ్డ పరిచిన తాంబాళంలో పడుకోబెట్టి పక్కన పెట్టండి. రంగు గట్టిగా ఉన్నవాటిని అంగుళం వెడల్పున్న మేకవెంట్రుకల కుంచెతో పైనుంచి కిందికి, బరువు ఆనకుండా దులపండి. లేచిన దుమ్మును వ్యాక్యూమ్ క్లీనర్‌తో పీల్చొచ్చు. గొట్టానికి పల్చటి మల్లుగుడ్డ కట్టి, బొమ్మకు రెండంగుళాల దూరంలో పట్టుకోండి. ఊడిన చిన్న ముక్క ఏదైనా ఉంటే ఆ గుడ్డ మీదే ఆగుతుంది.

న్యూస్‌పేపర్లు తీసెయ్యండి, కానీ తేదీలున్న ఒకటి రెండింటిని విడిగా దాచండి. బొమ్మలు ఎప్పుడు చుట్టారో చెప్పే సాక్ష్యం అదే. ఆ కాగితంలో ఆమ్లం ఉంటుంది, సిరా అంటుతుంది. బదులుగా గంజి పెట్టని, బాగా ఉతికిన పాత తెల్లధోవతి ముక్కలు వాడండి. గంజి ఉంటే బొద్దింకలు, సిల్వర్‌ఫిష్‌లు చేరతాయి. బుడగల ప్లాస్టిక్ నేరుగా చుట్టకండి. వేసవిలో ఆ బుడగల అచ్చులు రంగు మీద పడతాయి.

ప్రశ్న: మా అమ్మమ్మ ఇచ్చిన కొండపల్లి అంబారీ ఏనుగు కింద తెల్లటి పిండి రాలుతోంది. కాలికి గుండుసూది తల అంత రంధ్రాలు మూడున్నాయి. ఎండలో పెట్టమని ఒకరు, కిరసనాయిలు పూయమని ఒకరు, ఫ్రీజర్లో పెట్టమని మరొకరు అంటున్నారు. ఏది మంచిది?
— ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మీ ఏనుగు విషయంలో మూడూ వద్దు. ఎందుకో తెలియాలంటే ఆ ఏనుగు లోపల ఏముందో తెలియాలి.

కొండపల్లి ఏనుగును ఒకే దుంగలో చెక్కరు. ఒళ్ళు, తొండం, చెవులు, అంబారీ, మావటి అన్నీ విడివిడిగా చేసి మక్కుతో అతుకుతారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దే మక్కు. దాని మీద సుద్ద పూత, ఆ పైన రంగు. అంటే ఒకదాని మీద ఒకటి మూడు రకాల పదార్థాలు. ఎండలో పెడితే చెక్క ఎండి కుదించుకుపోతుంది, సుద్ద కుదించుకోదు. దాంతో రంగు పెచ్చులుగా లేస్తుంది. పైగా మన ఎండకు చెక్క లోపలి పురుగు చావదు, ఇంకా లోపలికి పోతుంది. కిరసనాయిలు సుద్దలోకి ఇంకి మరక కడుతుంది, ఆ బొమ్మను దీపం దగ్గర పెట్టే రోజు కూడా వస్తుంది. ఇక ఫ్రీజర్ పద్ధతి నిజంగానే పనిచేస్తుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచితే పురుగు, గుడ్లు చస్తాయి. కాకపోతే రంగు లేని చెక్కకూ బట్టకూ అది సరిపోతుంది. సుద్ద పూత ఉన్నవాటికీ, లక్క బొమ్మలకూ పగుళ్ళ భయం ఉంటుంది.

ముందు పురుగు బతికి ఉందో లేదో తేల్చుకోండి. పాత రంధ్రాల్లోంచి కూడా కదిలించినప్పుడల్లా పిండి రాలుతుంది. ఏనుగును దులిపి నల్ల కాగితం మీద నిలబెట్టి, కదలని చోట నెల రోజులు ఉంచండి. రంధ్రాల ఫోటో తీసుకోండి. నెల తర్వాత రంధ్రాలు పెరిగినా, వాటి కింద కుప్పగా కొత్త పిండి కనిపించినా పురుగు ఉన్నట్టే. ఆ నెలంతా మిగతా చెక్క బొమ్మలు ఆ గదిలో ఉండకూడదు.

ఉందని తేలితే గాలిలోని ఆక్సిజన్ తీసేసి చంపడమే క్షేమం. మ్యూజియాల్లోనూ ఇదే సూత్రం వాడతారు. కావలసినవి: లోపల అల్యూమినియం పొర ఉన్న పెద్ద సంచి, ఆహార పదార్థాల ప్యాకెట్లలో వేసే ఇనుపపొడి ఆక్సిజన్ శోషక పొట్లాలు, సంచి మూతి అతకడానికి ఇస్త్రీ పెట్టె. మామూలు పాలిథీన్ పనికిరాదు, దాంట్లోంచి గాలి మెల్లగా లోపలికి వస్తూనే ఉంటుంది.

లెక్క ఇలా వేసుకోండి. లీటరు గాలిలో సుమారు 210 సిసి ఆక్సిజన్ ఉంటుంది. సంచి లోపల 10 లీటర్ల చోటుంటే 2,100 సిసి. పొట్లం మీద 500 సిసి అని ఉంటే ఐదు కావాలి, ఆరు వెయ్యండి. పొట్లాలు గాలి తగిలితే వెచ్చబడతాయి, అందుకని బొమ్మకు తగలకుండా అట్టముక్క వెనక పెట్టండి. పొట్లాల కవరు విప్పిన పది పదిహేను నిమిషాల్లో సంచి మూసేయాలి, లేకపోతే వాటి శక్తి గదిలోనే అయిపోతుంది. పొట్లాలతో పాటు ఆక్సిజన్ ఉంటే రంగు మారే చిన్న బిళ్ళ కూడా దొరుకుతుంది, ఒకటి వెయ్యండి. అది గులాబీ రంగులో ఉన్నన్నాళ్ళూ సంచి బాగున్నట్టు, నీలానికి తిరిగితే ఎక్కడో కారుతున్నట్టు. 25 డిగ్రీలు దాటిన గదిలో నాలుగు వారాలు ఉంచండి. చల్లటి ఏసీ గదిలో పెట్టకండి, చలికి పురుగు ఊపిరి తగ్గించుకుని ఎక్కువ రోజులు బతుకుతుంది.

తీశాక రంధ్రాలను తేనెమైనంతో పూడ్చండి. ఇది అందం కోసం కాదు. పాత రంధ్రాలన్నీ మూసి ఉంటే, రేపు ఒక్క కొత్త రంధ్రం పడినా వెంటనే కనబడుతుంది.

చెవో, మావటి చెయ్యో ఊడి ఉంటే పారేయొద్దు. అతుకు ఊడడానికి కారణం మక్కులోని జిగురు చెమ్మకు మెత్తబడడమో, దాన్ని బొద్దింకలు కొరకడమో. అదే పదార్థంతో అతికితే మళ్ళీ ఎప్పుడైనా తడితో విప్పుకోవచ్చు. వేయించి, పొట్టు తీసి, పొడి చేసిన చింతగింజలు ఒక చెంచాకు పది చెంచాల నీళ్ళు. చల్లనీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్న సెగ మీద మెరుపు వచ్చేదాకా పావుగంట తిప్పాలి. చల్లారాక జల్లించిన రంపపు పొట్టు కలిపి చపాతీ పిండిలా చేసుకోండి. బూజు పట్టకుండా లవంగనూనె ఒక్క బొట్టు. అతుకు మీద పాత మక్కు గడ్డలుంటే కర్రపుల్లతో తీసి, కొత్తది పల్చగా పూసి, నూలుదారంతో వదులుగా కట్టి ఒక రోజంతా ఉంచండి. ఎక్కువైన మక్కును తడి ఉండగానే పుల్లతో తియ్యాలి, రంగు మీదికి పాకనీయకండి.

ప్రశ్న: మా అమ్మ కొండపల్లి దశావతారాలు బాగా వెలిసిపోయాయి. కొత్త ఎనామిల్ పెయింటు వేస్తే కొలువులో ధగధగా ఉంటాయని బంధువులు అంటున్నారు. వేయించమంటారా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వద్దండీ. బతిమాలి చెబుతున్నాం, వేయించకండి. అమ్మ చూసిన ముఖాలు ఆ రంగులోనే ఉన్నాయి. నరసింహుడి కంటి గీతను ఆ కాలపు చెయ్యి ఒక్క తిప్పులో లాగింది. దాని మీద ఇంకో గీత పడితే కింద ఉన్నది శాశ్వతంగా పోయినట్టే. సాంకేతికంగా కూడా అది నిలవదు. నూనె రంగు ఎండేకొద్దీ బిగుసుకుని, కింద ఉన్న బలహీనమైన సుద్దను పట్టుకుని లాగుతుంది. కొన్నేళ్ళకు పాతా కొత్తా కలిసి పెచ్చులుగా రాలతాయి.

వెలిసిన రంగు తిరిగి రాదు. ఇంకా వెలవకుండా చూడొచ్చు. కిటికీ ఎదురుగా ఏడాది పొడుగునా అద్దాల బీరువాలో ఉంచడమే వెలవడానికి పెద్ద కారణం. బీరువాకు తెర వెయ్యండి. కొలువులో బల్బులకు బదులు ఎల్‌ఈడీలు పెట్టి, అతిథులు లేనప్పుడు ఆపేయండి. ధగధగ కావాలంటే ఏటా ఒక కొత్త బొమ్మైనా కొనే ఆనవాయితీ ఎలాగూ ఉంది. కొండపల్లి నుంచి కొత్త సెట్టు తెచ్చి ముందు మెట్టు మీద పెట్టి, పాతవాటిని పై మెట్టు మీద పెద్దరికంగా కూర్చోబెట్టండి.

ప్రశ్న: మా నాయనమ్మ చిన్నప్పటి "జపాన్ పాప" మా దగ్గరుంది. ఈ మధ్య పెట్టె తెరిస్తే కర్పూరం లాంటి ఘాటు వాసన. పాప ఒళ్ళు జిగటగా ఉంది, గౌనుకున్న హుక్కులు పచ్చగా చిలుం పట్టాయి. కడగొచ్చా?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: కడగకండి. ఈ ఉత్తరాల్లో అన్నిటికంటే తొందర పడాల్సింది మీరే.

అది సెల్యులాయిడ్. పత్తిని నైట్రిక్ ఆమ్లంతో మార్చి, మెత్తదనం కోసం కర్పూరం కలిపి చేసే పదార్థం. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు జపాన్, జర్మనీల నుంచి ఇవి విరివిగా వచ్చాయి. తాబేలు గుర్తు ఉంటే జర్మనీలోని మాన్‌హైమ్ ఫ్యాక్టరీది. "ఆక్యుపైడ్ జపాన్" అని ఉంటే 1945-52 మధ్యది. ఏళ్ళు గడిచేకొద్దీ ఇది తనంతట తానే విడిపోతూ నత్రజని ఆక్సైడ్ వాయువుల్ని వదులుతుంది. గాలిలోని చెమ్మతో అవి మళ్ళీ నైట్రిక్ ఆమ్లమవుతాయి. హుక్కుల చిలుం దానివల్లే. పక్కనున్న పట్టు, జరీ, కాగితం అన్నీ దానికి బలవుతాయి. గట్టిగా మూసిన పెట్టెలో ఆ వాయువు బయటికి పోలేక అదే పాపను మరింత వేగంగా తింటుంది. ప్లాస్టిక్ సంచిలో భద్రంగా కట్టి పెట్టడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు.

ఇవాళే వేరు చెయ్యండి. చేతి తొడుగులు వేసుకుని, కిటికీలు తెరిచి, గౌను విప్పి విడిగా ఉంచండి. పాపను తెల్ల కాగితం మీద, నాలుగు వైపులా కన్నాలు పెట్టిన అట్టపెట్టెలో పడుకోబెట్టండి. ఇంట్లో అన్నిటికంటే చల్లగా, గాలి ఆడేచోట ఉంచండి. వంటిల్లు, దేవుడి గది, ఇన్వర్టరు పక్క చోటు, రేకుల కింద అటక పనికిరావు. నాఫ్తలీన్ ఉండలు దగ్గరకు రానీయకండి, అవి దీన్ని మెత్తబరుస్తాయి. ఇప్పుడే అన్ని వైపులా ఫోటోలు తీసి పెట్టుకోండి.

ఇది మామూలు ప్లాస్టిక్‌లా కరగదు, భగ్గున మండుతుంది. జిగట మొదలైన పాపను ఇక కొలువులో దీపాల మధ్య పెట్టొద్దు. బాగున్న సెల్యులాయిడ్ బొమ్మల్ని కూడా దీపం, అగరొత్తి, హారతి ఉన్న గదిలో పెట్టొద్దనే మా మాట. అసలుదో కాదో తెలుసుకోవడానికి కాల్చిన సూది గుచ్చమని కొందరు చెబుతారు, అది ప్రమాదం. బొటనవేలితో పది సెకన్లు గట్టిగా రుద్ది వాసన చూస్తే చాలు. ఒళ్ళంతా సాలెగూడులా పగిలి పొడిపొడిగా రాలే దశకొస్తే దాచడం మానేయాలి. అప్పుడు కాల్చకండి, చెత్తబుట్టలో వెయ్యకండి, దగ్గరలోని అగ్నిమాపక కేంద్రాన్ని అడిగి వాళ్ళు చెప్పినట్టు చెయ్యండి.

ప్రశ్న: మట్టి లక్ష్మీదేవి బొమ్మ మెడ విరిగింది. ఫెవిక్విక్‌తో అతికిస్తే నిలుస్తుందా? విరిగిన బొమ్మ ఇంట్లో ఉంచకూడదని కూడా అంటారు కదా?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: విరిగిన విగ్రహానికి పూజ చేయరు. కొలువు బొమ్మ పూజా విగ్రహం కాకపోతే బాగు చేసి ఉంచుకోవడంలో తప్పు కనబడదు. మీ ఇంటి ఆనవాయితీ పెద్దల్ని అడిగి తేల్చుకోండి.

ఫెవిక్విక్ మాత్రం వద్దు. పీల్చుకునే మట్టిలోకి అది ఇంకిపోయి అతుకులో ఏమీ మిగలదు, చుట్టూ తెల్లటి పొగలాంటి మచ్చ కడుతుంది, వంకరగా అతికితే విప్పడం కుదరదు. ఎం-సీల్ మట్టికంటే గట్టిది, ఈసారి దాని పక్కన కొత్త చోట విరుగుతుంది. మ్యూజియాల్లో వాడే పారలాయిడ్ బి-72 అనే జిగురు ట్యూబుల్లో ఆన్‌లైన్లో దొరుకుతుంది. ఎసిటోన్ అనే ద్రావకంతో మళ్ళీ విప్పుకోవచ్చు.

విరిగిన అంచుల్ని రుద్దకండి, ఒకదానికొకటి ఆనించి చూడడం కూడా ఒక్కసారే. ప్రతిసారీ గింజలు రాలి సందు పెరుగుతుంది. మట్టి జిగురును తాగేస్తుంది కాబట్టి, ముందు ట్యూబు జిగురు ఒక వంతుకు నాలుగైదు వంతుల ఎసిటోన్ కలిపి పల్చన చేసి, రెండు అంచులకూ సన్న కుంచెతో ఒక్క పూత వేసి రాత్రంతా ఆరనివ్వండి. మర్నాడు అసలు జిగురు మధ్యలో చుక్కలుగా పెట్టండి, అంచు దాకా వద్దు. ఎసిటోన్ పై రంగును కూడా కరిగించగలదు, బయటికి పొంగకూడదు. అతికాక బొమ్మను బియ్యం నింపిన గిన్నెలో గుచ్చి, తల బరువు నిటారుగా మెడ మీదే పడేలా వాలు సరిచెయ్యండి. రెండు రోజులు కదపొద్దు. బలం కోసం ఇనుపమేకు దూర్చకండి. తుప్పు పట్టి ఉబ్బి లోపల్నుంచి మెడను చీలుస్తుంది. ఎసిటోన్ మంటకు దూరంగా, గాలి ఆడేచోట వాడాలని గుర్తుంచుకోండి.

ప్రశ్న: మేం ముగ్గురం అక్కచెల్లెళ్ళం. అమ్మ కొలువు బొమ్మల్ని సమానంగా పంచుకోవాలనుకుంటున్నాం. ఎలా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: లెక్క ప్రకారం పంచితే దశావతారాల్లో మూడు ఒకరికి, నాలుగు ఒకరికి పోతాయి. సెట్టు విడిపోతే అది మళ్ళీ కలవదు. పంపకానికి ముందు జాబితా రాయండి. ప్రతి బొమ్మకూ ఒక నంబరు, ఎత్తు సెంటీమీటర్లలో, దేనితో చేసింది, అడుగున ఉన్న ముద్ర, ఇప్పుడున్న దెబ్బలు. ముందు, వెనక, అడుగు మూడు ఫోటోలు, పక్కన స్కేలు పెట్టి. నంబరును బొమ్మ మీద రాయకండి. అట్టముక్క మీద పెన్సిల్‌తో రాసి తెల్ల నూలుదారంతో వదులుగా కట్టండి. స్కెచ్ పెన్ సిరా చెమ్మకు పాకుతుంది, రబ్బరుబ్యాండు కరిగి అంటుకుంటుంది.

చివరి గడి అన్నిటికంటే విలువైనది: ఈ బొమ్మ ఎవరు, ఎప్పుడు, ఎక్కణ్ణుంచి తెచ్చారు. పూరీ జగన్నాథుడి త్రయం ఏ యాత్రలో వచ్చింది, మరపాచీ జంట ఎవరి పెళ్ళిలో వచ్చింది. పిన్నిగారూ మేనత్తగారూ ఉన్నప్పుడే అడిగి రాయించుకోండి. ఆ గడి ఖాళీగా ఉంటే మీ మనవరాలికి అది సంతలో కొన్న బొమ్మతో సమానం.

తర్వాత సెట్లు, జంటలు విడదీయకుండా ముగ్గురూ వంతులవారీగా కోరుకోండి. మీలో ఒకరి అత్తింట దసరాకు, ఇంకొకరింట సంక్రాంతికి కొలువు పెట్టే ఆచారం ఉంటే పెద్ద సెట్టు ఒక్కటే ఉంచి రెండిళ్ళలోనూ పెట్టుకోవచ్చు. ప్రయాణంలోనే బొమ్మలు ఎక్కువగా విరుగుతాయి. పెట్టెలో పెట్టె, రెండిటి మధ్య అన్ని వైపులా రెండంగుళాల మెత్త, కారు డిక్కీలో కాకుండా సీటు ముందు నేల మీద. ఏటా వందల మైళ్ళు తిప్పే పనైతే ఒక్కచోటే ఉంచడం మేలు.

ప్రశ్న: అమ్మ నాకు మరపాచీ జంట, పాత చెక్క బొమ్మలు పదిహేను ఇస్తానంటోంది. సూట్‌కేసులో పెట్టుకుని వచ్చేయొచ్చా?
— ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: రెండు చట్టాలు అడ్డొస్తాయి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన శిల్పం, చిత్రం, చేతిపని వస్తువు పురావస్తువు కిందికొస్తుంది. దాన్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. వందేళ్ళు కాకపోయినా పాతగా కనిపిస్తే విమానాశ్రయంలో ఆపుతారు. భారత పురావస్తు శాఖ నుంచి "ఇది పురావస్తువు కాదు" అన్న ధ్రువపత్రం ముందే తీసుకోవాలి. హైదరాబాద్, అమరావతి సర్కిల్ కార్యాలయాల్లో వివరాలు అడగొచ్చు. కొలతలు, ఫోటోలు సిద్ధం చేసుకోండి, ప్రయాణానికి వారం ముందు మొదలుపెడితే కుదరదు. రెండోది, రక్తచందనం 1995 నుంచి సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. బొమ్మ చిన్నదైనా అనుమతి పత్రాలు లేకుండా తీసుకెళ్ళే సాహసం చెయ్యకండి. ఆ జంటను అమ్మ దగ్గరే ఉంచండి. ఆస్ట్రేలియాలో ఉన్న పాఠకులకు ఒక మాట: చెక్క వస్తువుల్ని అక్కడ తప్పక ప్రకటించాలి, పురుగు రంధ్రం కనిపిస్తే ఆపేస్తారు.

ప్రశ్న: తాతగారి పెట్టెలో వేలెడంత కృష్ణుడి బొమ్మ దొరికింది. ఏనుగుదంతమో ఎముకో తెలియడం లేదు.
— ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: భూతద్దంతో అడుగున కోసిన భాగం చూడండి. ఒకదాన్నొకటి దాటుతూ వలలాగా వంపు గీతలు కనిపిస్తే దంతం. సన్నటి నల్ల చుక్కలు, గాట్లు కనిపిస్తే ఎముక. గీతలన్నీ సమాంతరంగా, అచ్చు పోసినట్టుంటే దంతాన్ని అనుకరించిన సెల్యులాయిడ్. దంతమని తేలితే అమ్మడం, కొనడం నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణ ప్రకారం, వారసత్వంగా వచ్చిన 90 రోజుల్లోగా రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు ప్రకటన ఇవ్వాలి. తాతగారి పేరున యాజమాన్య ధ్రువపత్రం ఏదైనా ఉందేమో ముందు ఆయన కాగితాల్లో వెతకండి.

చిన్న ప్రశ్నలు, చిన్న జవాబులు

*లక్కపిడతల్ని శానిటైజర్‌తో తుడిస్తే రంగు గుడ్డకంటింది (అనకాపల్లి).* లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. శానిటైజర్, స్పిరిట్, సెంటు ఏవీ తగలకూడదు. పొడి మెత్తటి గుడ్డ చాలు. పోయిన మెరుపు చేత్తో రుద్దితే రాదు. తరిమెన మీద తిరుగుతున్నప్పుడు మొగలాకు రాపిడి వేడికే ఆ మెరుపు వస్తుంది.

*పింగాణీ కృష్ణుడి అడుగున "జర్మనీ" అని ఉంది (గుంటూరు).* రవివర్మ పటాల తీరులో దేవుళ్ళ బొమ్మల్ని జర్మనీలో మన దేశం కోసమే పోసేవారు. "వెస్ట్ జర్మనీ" అని ఉంటే 1949 తర్వాతది. నున్నటి భాగాన్ని తడి దూదితో తుడవొచ్చు, బంగారు గీతల్ని మాత్రం తాకకండి. అవి మెరుపు పూత పైన వేసినవి, రుద్దితే పోతాయి.

*కాల్చిన మట్టి బొమ్మ మీద తెల్లటి బూడిదలా వస్తోంది (ఒంగోలు).* బూజు కాదేమో చూడండి. గరుగ్గా, ఉప్పు పలుకుల్లా ఉంటే మట్టిలోని లవణాలే చెమ్మతో పైకొస్తున్నాయి. పొడి కుంచెతో దులపండి. వార్నిష్ వేస్తే ఉప్పు పూత వెనకే పేరుకుని, మట్టి పైపొరను తోసుకొస్తుంది. తడి గోడకు ఆనించిన బీరువాను నాలుగంగుళాలు జరపండి.

*పెట్టెలో ఏం వేస్తే పురుగు రాదు (కర్నూలు).* బాగా ఎండిన వేపాకు గుడ్డసంచిలో కట్టి, బొమ్మలకు తగలకుండా మూలల్లో పెట్టొచ్చు. పచ్చి ఆకు చెమ్మ తెస్తుంది, మరక వేస్తుంది. సిలికాజెల్ వేస్తే రంగు మారినప్పుడల్లా 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఓవెన్లో ఆరబెట్టి మళ్ళీ వెయ్యాలి. ట్రంకు పెట్టెకు గాలి ఆగదు గనక వానాకాలంలో అది త్వరగా తడిసిపోతుంది. పెట్టెను నేల మీద కాకుండా రెండిటుకల ఎత్తున చెక్క మీద పెట్టి, మూడు నెలలకోసారి తెరిచి పై వరస బొమ్మల కింద వేలు పెట్టి పిండి తగులుతుందేమో చూడండి.